సిస్టమాటిక్ రివ్యూలో లిటరేచర్ సెర్చ్‌ని దాపరికం లేకుండా రిపోర్ట్ చేయడం ఎలా?

"పబ్‌మెడ్, ఎంబేస్, కోక్రేన్ లైబ్రరీల్లో అనీమియా, ప్రెగ్నెన్సీ, ఐరన్ వంటి పదాలతో 2024 వరకు వెతికాం."

సిస్టమాటిక్ రివ్యూ అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి క్రోడీకరించే పేపర్. అచ్చయిన రివ్యూల్లో పై తరహా వాక్యం తరచూ కనిపిస్తుంది. అందులోని మూడూ వైద్య పరిశోధన పత్రాలను వెతికే చోట్లు. దీన్ని పట్టుకుని ఆ సెర్చ్ మళ్లీ చేయాలని కూర్చుంటే మొదటి నిమిషంలోనే ఆగిపోతాం. "వంటి" అన్న మాట వెనక ఎన్ని పదాలున్నాయో తెలియదు. ఎంబేస్‌ని ఓవిడ్ అనే ప్లాట్‌ఫాంలో చూశారో, ఎల్సెవియర్ సొంత సైట్‌లో చూశారో తెలియదు. 2024 అంటే జనవరియా, డిసెంబరా? పదాల మధ్య ఆండ్ (రెండూ ఉండాలి) పెట్టారా, ఆర్ (ఏదో ఒకటి చాలు) పెట్టారా? చేసినవాళ్లు నిజంగానే కష్టపడి వెతికి ఉండొచ్చు. ఆ కష్టం కాగితం మీదకు రాలేదు కాబట్టి చదివేవారికి అది లేనట్టే లెక్క.

దీనికి మూలం ఒక్కటే. చాలామంది సెర్చ్ వివరాలను పేపర్ రాసేటప్పుడు గుర్తుచేసుకుంటారు. సెర్చ్‌కీ పేపర్‌కీ మధ్య స్క్రీనింగ్ (దొరికినవాటిని వడకట్టడం), డేటా సేకరణ, మెటా అనాలిసిస్ (ఫలితాలను కలిపి లెక్కకట్టడం) పేరిట నెలలు గడిచిపోతాయి. అప్పటికి పబ్‌మెడ్ హిస్టరీ ఉండదు. ఎనిమిది గంటలు కదలిక లేకపోతే అది చెరిగిపోతుంది. అందుకే కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం వెతికే రోజున చేయాల్సినవే.

దగ్గర ఉంచుకోవాల్సిన పత్రాలు రెండు. ఒకటి ప్రిస్మా 2020: మొత్తం రివ్యూకి 27 అంశాల చెక్‌లిస్టు. అందులో 6వ అంశం ఎక్కడెక్కడ వెతికారో, ఎప్పుడు వెతికారో అడుగుతుంది. 7వ అంశం అన్ని డేటాబేసుల పూర్తి సెర్చ్ స్ట్రాటజీలను, అంటే టైప్ చేసిన పదాల వరుసలను, అడుగుతుంది. రెండోది 2021 జనవరిలో వచ్చిన ప్రిస్మా-ఎస్. సెర్చ్ కోసమే రాసిన 16 అంశాల పొడిగింపు ఇది. మొదటిది ఏం చెప్పాలో చెబుతుంది, రెండోది ఎంత లోతుగా చెప్పాలో చెబుతుంది. ఇవి రిపోర్టింగ్ నియమాలేనని గుర్తుంచుకోండి. బలహీనమైన సెర్చ్‌ని కూడా ప్రిస్మా-ఎస్ ప్రకారం చక్కగా రిపోర్ట్ చేయొచ్చు. అప్పుడు దాని బలహీనత అందరికీ కనిపిస్తుంది, అంతే.

మార్గదర్శి అంతటా ఒకే ప్రశ్నను ఉదాహరణగా తీసుకుందాం: ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉన్న గర్భిణులకు సెలైన్ ద్వారా ఇచ్చే ఐరన్, నోటి మాత్రల కంటే హీమోగ్లోబిన్‌ని మెరుగ్గా పెంచుతుందా?

1. సెర్చ్‌కి ముందే లాగ్ షీటు తెరవండి

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్ అయినా సరే. ఒక్కో డేటాబేసుకి ఒక్కో వరుస. నిలువు గడులు ఇవి: డేటాబేస్ పేరు, ప్లాట్‌ఫాం, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు కవరేజి, వెతికిన తేదీ, వెతికినవారు, వచ్చిన రికార్డుల సంఖ్య, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు పేరు, అందులోని రికార్డుల సంఖ్య, వాడిన ఫిల్టర్లు, గమనిక.

వచ్చిన సంఖ్యకీ ఎక్స్‌పోర్ట్ అయిన సంఖ్యకీ వేర్వేరు గడులు ఎందుకంటే, ఆ రెండూ ఒకటి కాకపోవచ్చు. పబ్‌మెడ్ ఒక విడతలో 10,000 రికార్డులకు మించి సేవ్ చేయనివ్వదు. స్క్రీన్ మీద 12,400 చూసి అదే రాసుకుంటే, ఫైల్లో ఉన్నవి మాత్రం పది వేలు. ఈ తేడా చివర్లో ఫ్లో డయాగ్రమ్ (ఏ దశలో ఎన్ని రికార్డులు మిగిలాయో చూపే బొమ్మ) గీసేటప్పుడు బయటపడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. ఫలితాలు అంతకు మించితే సంవత్సరాలవారీగా ముక్కలు చేసి ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ సంగతి గమనికలో రాయండి.

తేదీలో నెలను అక్షరాల్లో రాయండి. 03/04/2025 మనకు ఏప్రిల్ మూడు, అమెరికా వాళ్లకు మార్చి నాలుగు.

2. డేటాబేస్ పేరు, ప్లాట్‌ఫాం పేరు విడివిడిగా

ఎబ్స్కో, ప్రోక్వెస్ట్, ఓవిడ్ అనేవి డేటాబేసులు కావు; డేటాబేసులను చూపించే ప్లాట్‌ఫాంలు. "ఎబ్స్కోలో వెతికాం" అంటే సినాల్ అనే నర్సింగ్ డేటాబేసులోనా, ఇంకోదానిలోనా అర్థం కాదు. మెడ్‌లైన్‌ని ఓవిడ్‌లో వెతకడం, పబ్‌మెడ్‌లో వెతకడం ఒకటి కాదు. మెడ్‌లైన్‌లో లేని రికార్డులు కూడా పబ్‌మెడ్‌లో ఉంటాయి, పైగా రెండు చోట్లా టైప్ చేసే పద్ధతి వేరు.

వెబ్ ఆఫ్ సైన్స్ దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. "కోర్ కలెక్షన్" అన్నా సరిపోదు. మీ సంస్థ ఏ ఇండెక్సులకు, ఏ సంవత్సరం నుంచి చందా కట్టిందో దాన్ని బట్టి ఫలితాలు మారతాయి. ఆ జాబితా సైట్‌లోనే కనిపిస్తుంది, కాపీ చేసుకోండి. ఒకే ప్లాట్‌ఫాంలో రెండు మూడు డేటాబేసులను కలిపి ఒకేసారి వెతికితే ఆ మాట కూడా చెప్పాలి. ప్రిస్మా-ఎస్‌లో రెండో అంశం దానికోసమే.

3. స్ట్రాటజీని వరుసలుగా కట్టండి, వరుసలుగానే దాచండి

మన ప్రశ్నకు పబ్‌మెడ్ స్ట్రాటజీ అస్థిపంజరం ఇలా ఉంటుంది (డేటాబేసులో ఇంగ్లీషులోనే టైప్ చేస్తాం; మెష్ అంటే పేపర్లకు విషయాన్ని బట్టి తగిలించే ప్రామాణిక పదాల జాబితా):

వరుస 1: అనీమియా, ఐరన్-డెఫిషియెన్సీ [మెష్]
వరుస 2: ఐరన్ డెఫిషియెన్సీ, అనీమియా, దాని రెండు స్పెల్లింగులు [టైటిల్/అబ్‌స్ట్రాక్ట్]
వరుస 3: 1 ఆర్ 2
వరుస 4: ప్రెగ్నెన్సీ [మెష్]
వరుస 5: ప్రెగ్నెంట్, ప్రెగ్నెన్సీ, యాంటీనేటల్, ప్రీనేటల్ [టైటిల్/అబ్‌స్ట్రాక్ట్]
వరుస 6: 4 ఆర్ 5
వరుస 7: ఫెర్రిక్ ఆక్సైడ్, శాకరేటెడ్ [మెష్]
వరుస 8: ఐరన్ సుక్రోజ్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్, ఐరన్ డెక్స్‌ట్రాన్, ఇంట్రావీనస్ ఐరన్, పేరెంటరల్ ఐరన్ [టైటిల్/అబ్‌స్ట్రాక్ట్]
వరుస 9: 7 ఆర్ 8
వరుస 10: 3 ఆండ్ 6 ఆండ్ 9
వరుస 11: 10 ఆండ్ ట్రయల్ ఫిల్టర్ (క్లినికల్ ట్రయల్స్‌నే ఏరే పదాలు)

ఐరన్ సుక్రోజ్‌కి మెష్ పెట్టిన పేరు "ఫెర్రిక్ ఆక్సైడ్, శాకరేటెడ్" అని తెలియకపోతే వరుస 7 ఎప్పటికీ పుట్టదు. మందుల విషయంలో మెష్ బ్రౌజర్ తెరిచి చూడకుండా స్ట్రాటజీ రాయొద్దు.

వరుస 2లో స్పెల్లింగుల మాట ఊరికే రాలేదు. అమెరికన్ ఇంగ్లీషులో అనీమియాకి ఒక 'ఏ' తక్కువ, బ్రిటిష్ ఇంగ్లీషులో ఒకటి ఎక్కువ. భారతీయ జర్నళ్లలో రెండూ ఉంటాయి. ట్యాగ్ లేకుండా టైప్ చేస్తే పబ్‌మెడ్ ఆటోమేటిక్ టర్మ్ మ్యాపింగ్‌తో తనే సర్దుకుంటుంది. టైటిల్/అబ్‌స్ట్రాక్ట్ ట్యాగ్ పెట్టిన క్షణం ఆ సాయం ఆగిపోతుంది, మీరు కొట్టిన స్పెల్లింగే వెతుకుతుంది.

ప్రతి వరుస పక్కన వచ్చిన సంఖ్య ఉండాలి. తప్పులు దొరికేది అక్కడే: వరుస 5కి లక్షల్లో ఫలితాలు రావాల్సిన చోట వందల్లో వస్తే స్పెల్లింగో బ్రాకెట్టో తప్పిందని అర్థం. పబ్‌మెడ్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్ పేజీలో హిస్టరీని డౌన్‌లోడ్ చేసే ఏర్పాటు ఉంది. పక్కనే "డీటెయిల్స్" నొక్కితే మీ పదాలను పబ్‌మెడ్ ఎలా అర్థం చేసుకుందో కనిపిస్తుంది. దాన్నీ కాపీ చేయండి. కొటేషన్లలో పెట్టిన పదబంధం పబ్‌మెడ్ సూచికలో లేకపోతే కొటేషన్లను పట్టించుకోకుండా పదాలను విడివిడిగా వెతికేస్తుంది. ఆ హెచ్చరిక అక్కడే దొరుకుతుంది.

స్ట్రాటజీని మళ్లీ చేత్తో టైప్ చేయొద్దు, కాపీ-పేస్ట్ మాత్రమే. అది కూడా నోట్‌ప్యాడ్‌లో, మామూలు టెక్స్ట్ ఫైలుగా. వర్డ్ తనంతట తానే నిటారు కొటేషన్లను వంకర కొటేషన్లుగా మారుస్తుంది, రెండు చిన్న గీతలను ఒక పొడుగు గీత చేస్తుంది. అలా మారిన స్ట్రాటజీని తిరిగి అతికిస్తే కొన్ని ప్లాట్‌ఫాంలు దాన్ని వేరే అర్థంలో తీసుకుంటాయి.

4. ఒక ప్లాట్‌ఫాం నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగేది ఈ మెట్టులో. పైకి కనిపించని నష్టం కూడా ఇదే, ఎందుకంటే డేటాబేస్ ఎర్రర్ చూపించదు, తక్కువ ఫలితాలిచ్చి ఊరుకుంటుంది.

మళ్లీ అనీమియానే చూడండి. ఓవిడ్‌లో ఆ అదనపు 'ఏ' ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పెడితే సున్నా లేదా ఒక అక్షరం అని అర్థం. రెండు స్పెల్లింగులూ దొరుకుతాయి. అదే వరుసను ఎల్సెవియర్ వారి ఎంబేస్ సైట్‌లో అతికిస్తే ప్రశ్నార్థకానికి కచ్చితంగా ఒక అక్షరం అని అర్థం. అంటే బ్రిటిష్ స్పెల్లింగ్ మాత్రమే వస్తుంది, అమెరికన్ స్పెల్లింగ్ ఉన్న పేపర్లన్నీ జారిపోతాయి. అక్కడ సున్నా లేదా ఒకటి అనడానికి డాలర్ గుర్తు వాడాలి. పోనీ డాలరే అన్నిచోట్లా పెడదామంటే, ఓవిడ్‌లో డాలర్ గుర్తుకి ఆ పైన ఎన్ని అక్షరాలైనా అని అర్థం.

దగ్గరి పదాల లెక్కా ఇంతే. ఓవిడ్‌లో "ఏడీజే3" అంటే రెండు పదాల మధ్య గరిష్ఠంగా రెండు పదాలు ఉండొచ్చు. పబ్‌మెడ్ 2022 నుంచి ఇస్తున్న ప్రాక్సిమిటీ సెర్చ్‌లో అంకె నేరుగా మధ్యలో ఉండే పదాల సంఖ్య. కాబట్టి ఓవిడ్‌లో 3 అయితే పబ్‌మెడ్‌లో 2. ఎబ్స్కోలో కూడా 2. పబ్‌మెడ్ ప్రాక్సిమిటీలో నక్షత్రం గుర్తు (పదం చివర ఏ అక్షరాలైనా అని చెప్పేది) పనిచేయదు, ఒక్కో పదరూపాన్నీ విడిగా రాయాలి.

సబ్జెక్ట్ హెడ్డింగులను కూడా మార్చాలి. మెష్ పదాన్ని తీసుకెళ్లి ఎంబేస్‌లో అతికించడం కాదు, ఎంబేస్ సొంత పదాల జాబితా అయిన ఎమ్‌ట్రీలో దానికి సరిపోయేది వెతుక్కోవాలి. ఎబ్స్కోలో డిఫాల్ట్‌గా ఆన్ అయి ఉండే "ఎక్స్‌పాండర్లు" మీకు తెలియకుండానే సెర్చ్‌ని విస్తరిస్తాయి. ఆఫ్ చేయండి, లేదా ఆన్‌లో ఉన్నాయని రాయండి.

ఇదంతా చేశాక పేపర్లో "పబ్‌మెడ్ స్ట్రాటజీని మిగతా డేటాబేసులకు తగినట్టు మార్చాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే పైన చెప్పిన తప్పులు జరిగాయో లేదో ఎవరూ చూడలేరు. ప్రిస్మా 2020 అందుకే అన్ని డేటాబేసుల స్ట్రాటజీలూ అడుగుతోంది. 2009 నాటి ప్రిస్మా కనీసం ఒక్కటి ఇస్తే చాలనేది. ఇంకా ఆ పాత అలవాటులోనే ఉన్న థీసిస్ గైడ్లు ఉన్నారు.

5. ఫిల్టర్లు, పరిమితులు

పబ్‌మెడ్ ఎడమ పక్కన "హ్యూమన్స్" ఒకసారి నొక్కితే, మీరు తీసేసేదాకా తర్వాతి సెర్చ్‌లన్నిటికీ అది అంటుకునే ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, ఆ ఫిల్టర్ మెష్ ఇండెక్సింగ్ మీద ఆధారపడుతుంది. ఇంకా ఇండెక్స్ కాని కొత్త పేపర్లను అది గెంటేస్తుంది. జంతు అధ్యయనాలు వద్దనుకుంటే "నాట్ (యానిమల్స్ నాట్ హ్యూమన్స్)" అన్న రూపంలో, స్ట్రాటజీలో ఒక వరుసగా పెట్టండి. అప్పుడు అది కనిపిస్తుంది కూడా.

ట్రయల్ ఫిల్టర్‌కి సొంతంగా పదాలు అల్లుకోవడం కంటే కోక్రేన్ వారి పరీక్షించిన ఫిల్టర్ మేలు. రిపోర్ట్ చేసేటప్పుడు "కోక్రేన్ ఫిల్టర్ వాడాం" అంటే చాలదు. అందులో సెన్సిటివిటీ (ఏదీ జారిపోకపోవడం) ఎక్కువున్నది, సెన్సిటివిటీ-ప్రెసిషన్ (అనవసరమైనవి తక్కువ రావడం) రెండూ చూసుకునేది అని రెండు రూపాలున్నాయి; పైగా పబ్‌మెడ్‌కి ఒకటి, ఓవిడ్‌కి ఒకటి. ఏది, ఏ సంవత్సరపు సవరణ, మీరేమైనా మార్చారా అన్నవి చెప్పాలి. పాత రివ్యూ నుంచి స్ట్రాటజీ తెచ్చుకుంటే ఆ రివ్యూని ఉటంకించండి. అందులో తప్పేమీ లేదు, ప్రిస్మా-ఎస్ దానికి ఒక అంశమే కేటాయించింది.

భాష, సంవత్సరాల పరిమితి పెడితే కారణం రాయాలి. "ఇంగ్లీషు మాత్రమే" అన్నదానికి అనువాదకులు దొరకలేదన్నది నిజాయితీ గల కారణమే. ఏ పరిమితీ పెట్టకపోతే "పెట్టలేదు" అని రాయండి. మౌనంగా ఉంటే చదివేవారు రెండు రకాలుగానూ అనుకోవచ్చు.

6. రెండో జత కళ్లు

సెర్చ్ నడిపే ముందు, బృందంలో లేని లైబ్రేరియన్‌తోనో సెర్చ్ తెలిసినవారితోనో ప్రెస్ 2015 చెక్‌లిస్టు ప్రకారం సమీక్ష చేయించండి. ప్రశ్నకూ స్ట్రాటజీకీ పొంతన, ఆపరేటర్లు, సబ్జెక్ట్ హెడ్డింగులు, మామూలు పదాలు, స్పెల్లింగ్-సింటాక్స్-వరుస సంఖ్యలు, ఫిల్టర్లు: ఈ ఆరూ చూస్తారు. వరుస సంఖ్యల తప్పు (10 రాయాల్సిన చోట 9) సొంత కళ్లకు ఆనదు. సమీక్ష జరిగితే జరిగిందని, జరగకపోతే జరగలేదని రిపోర్ట్ చేయాలి. పదాల జాబితా కోసం ఏఐ చాట్‌బాట్‌ని వాడితే అదీ రాయండి. అవి లేని మెష్ పదాలను ఉన్నట్టే ఇస్తాయి కాబట్టి ప్రతి పదాన్నీ మెష్ బ్రౌజర్‌లో సరిచూశారో లేదో సమీక్షకులు అడుగుతారు.

7. డేటాబేసులు కాని చోట్ల

ట్రయల్ రిజిస్ట్రీలు మన ప్రశ్నకు చాలా ముఖ్యం. ఐసీఎంఆర్ నడిపే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్‌ఐ, 2007 జులైలో మొదలైంది. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ ముందస్తు రిజిస్ట్రేషన్లే (ట్రయల్ మొదలుకాకముందే చేసేవి) తీసుకుంటున్నారు. సీటీఆర్‌ఐ రికార్డులు వివిధ దేశాల రిజిస్ట్రీలను ఒకచోట చూపే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీటీఆర్‌పీ పోర్టల్లోకి కూడా వెళ్తాయి. రెండు చోట్లా వెతికితే రెండిటి సంఖ్యలూ విడివిడిగా రాయండి. రిజిస్ట్రీల సెర్చ్ పెట్టెలు పెద్ద స్ట్రాటజీలను మోయలేవు. చిన్న చిన్న సెర్చ్‌లు చేసి, కొట్టిన మాట కొట్టినట్టు, వచ్చిన సంఖ్యతో సహా రాసి, స్క్రీన్‌షాట్ పెట్టుకోండి.

గూగుల్ స్కాలర్ ఎన్ని లక్షలు దొరికాయని చెప్పినా చూపించేది 1,000 వరకే. మొదటి 200 చూశారా, 300 చూశారా, ఏ క్రమంలో, ఏ తేదీన, లాగిన్ కాకుండా చూశారా: ఇవి రాస్తే చాలు. భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ నిల్వ అయిన శోధ్‌గంగలో ప్రధానంగా ఉండేవి పీహెచ్‌డీ థీసిస్‌లు. అక్కడ వెతికి "భారతీయ వైద్య థీసిస్‌లన్నీ చూశాం" అనుకుంటే ఎండీ, ఎంఎస్ థీసిస్‌లు వదిలేసినట్టే.

సైటేషన్ సెర్చింగ్‌కి (ఒక పేపర్ ఉటంకించినవి, దాన్ని ఉటంకించినవి పట్టుకుని వెతకడానికి) 2024లో టార్సిస్ మార్గదర్శకం వచ్చింది. ఏ పేపర్లతో మొదలుపెట్టారు, వాటి రెఫరెన్సులు చూశారా లేక వాటిని ఉటంకించినవి చూశారా లేక రెండూనా, ఏ సాధనంలో, ఎన్ని విడతలు, ఏ తేదీన అన్నవి రాయాలి. రచయితలకో కంపెనీలకో మెయిల్ పెడితే ఎందరికి పెట్టారు, ఎందరు బదులిచ్చారు అన్నదీ రాయాలి.

8. డూప్లికేట్లు, ఫ్లో డయాగ్రమ్ లెక్క

ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, ఏ ఫీల్డులను పోల్చారు, చేత్తో చూశారా అన్నవి రాయాలి. ఒక డేటాబేస్ పేజీలను 123-130 అని, ఇంకోటి 123-30 అని ఇస్తే యంత్రం వాటిని వేరనుకుంటుంది. దీనికి ఎదురు తప్పు ఇంకా ప్రమాదం: కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్‌కీ తర్వాత వచ్చిన పూర్తి పేపర్‌కీ శీర్షిక ఒకటే అయితే యంత్రం ఒకదాన్ని తీసేస్తుంది. తీసేసింది పూర్తి పేపర్ అయితే మీ రివ్యూలో ఒక ట్రయల్ పోయినట్టే.

లెక్క ఎలా నడవాలో ఊహించిన అంకెలతో చూద్దాం. పబ్‌మెడ్ 640, ఎంబేస్ 910, సెంట్రల్ (కోక్రేన్ లైబ్రరీలోని ట్రయల్స్ డేటాబేస్) 420, కలిపి 1,970. సీటీఆర్‌ఐ 38, ఐసీటీఆర్‌పీ 92, కలిపి 130. మొత్తం 2,100. డూప్లికేట్లు 780 పోతే స్క్రీనింగ్‌కి 1,320. టైటిల్-అబ్‌స్ట్రాక్ట్ దశలో 1,230 పోతే పూర్తి పాఠం కోసం 90. నాలుగు దొరకలేదు, చదివినవి 86, కారణాలతో తీసేసినవి 63, మిగిలినవి 23. సైటేషన్ సెర్చింగ్‌లో 12 చదివి 2 తీసుకుంటే మొత్తం 25 రిపోర్టులు. ఒకే ట్రయల్ మీద రెండేసి పేపర్లు ఉంటే ఈ 25 రిపోర్టులు 21 అధ్యయనాలే కావచ్చు. రికార్డు, రిపోర్టు, అధ్యయనం మూడూ వేర్వేరు. ఎక్కువ డయాగ్రమ్‌లలో లెక్క తప్పేది ఆఖరి పెట్టెలోనే. సైటేషన్ సెర్చింగ్, వెబ్‌సైట్ల సంఖ్యలు కుడి పక్క వరుసలోకి వెళ్తాయి, డేటాబేసుల వరుసలో కలపకూడదు.

9. అప్‌డేట్ సెర్చ్

ప్రచురణ నాటికి సెర్చ్‌కి పన్నెండు నెలలు దాటకూడదని కోక్రేన్ అంటుంది, ఆరు నెలల్లోపు అయితే మంచిదంటుంది. మళ్లీ వెతికేటప్పుడు ప్రచురణ తేదీతో కోయొద్దు. పాత పేపర్లు కూడా డేటాబేసులోకి ఆలస్యంగా చేరతాయి. మొత్తం సెర్చ్ మళ్లీ నడిపి పాత లైబ్రరీతో పోల్చి కొత్తవాటిని విడదీయడం భద్రం. ఫలితాలు మరీ ఎక్కువైతే రికార్డు చేరిన తేదీ ఆధారంగా, కొన్ని వారాలు వెనక్కి జరిపి కోయండి. ఏ పద్ధతి అనుసరించారో, రెండు తేదీలూ రాయండి.

10. పేపర్లో ఏది, అనుబంధంలో ఏది

మెథడ్స్‌లో ఒక పేరా చాలు. నమూనా:

"పబ్‌మెడ్, ఎంబేస్ (ఓవిడ్, 1974 నుంచి), సెంట్రల్ (కోక్రేన్ లైబ్రరీ), సీటీఆర్‌ఐ, ఐసీటీఆర్‌పీలను 2025 ఏప్రిల్ 3న వెతికాం. భాష, సంవత్సరాల పరిమితి పెట్టలేదు. పబ్‌మెడ్‌లో కోక్రేన్ ట్రయల్ ఫిల్టర్ (సెన్సిటివిటీ రూపం) వాడాం. స్ట్రాటజీని బృందంలో లేని లైబ్రేరియన్ ప్రెస్ ప్రకారం సమీక్షించారు. చేర్చిన పేపర్ల రెఫరెన్సులను, వాటిని ఉటంకించిన పేపర్లను స్కోపస్‌లో 2025 జులై 10న చూశాం. అన్ని స్ట్రాటజీలూ యథాతథంగా అనుబంధం 1లో ఉన్నాయి."

అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా ఎక్కడ వెతికారో, చివరిసారి ఎప్పుడో ఉండాలి. పదాల పరిమితి సాకుతో ముందు ఎగిరిపోయేది ఈ తేదీయే. అనుబంధంలో ఒక్కో డేటాబేసుకి ఒక్కో పేజీ: పైన పేరు, ప్లాట్‌ఫాం, తేదీ, కింద వరుసలు, సంఖ్యలు. స్క్రీన్‌షాట్ అతికిస్తే ఎవరూ కాపీ చేసుకోలేరు, అక్షరాలుగానే ఇవ్వండి. జర్నల్ అనుబంధం తీసుకోకపోతే పరిశోధన ఫైళ్లు దాచే ఓఎస్‌ఎఫ్‌లోనో జెనోడోలోనో పెట్టి డీఓఐ (శాశ్వత లింకు) ఇవ్వొచ్చు. రివ్యూలను ముందుగా నమోదు చేసే ప్రాస్పెరోలో రాసిన ప్రోటోకాల్‌కీ (ముందస్తు ప్రణాళికకీ) చేసిన సెర్చ్‌కీ తేడా ఉంటే (ఒక డేటాబేస్ అందుబాటులో లేక వదిలేశారనుకోండి) ఆ తేడాని, కారణాన్ని చెప్పండి.

పంపే ముందు ఒక పరీక్ష. అనుబంధాన్ని సెర్చ్‌తో సంబంధం లేని సహోద్యోగికి ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా పబ్‌మెడ్ స్ట్రాటజీ నడపమనండి. ఫలితాన్ని మీ సెర్చ్ తేదీ వరకు చేరిన రికార్డులకు కుదించి చూడండి. అప్పటికీ కొద్దిపాటి తేడా వస్తుంది. మెష్ పదాలు తర్వాత తగిలించడం, ఏటా వాటిని మార్చడం వల్ల అది సహజం. 640 రావాల్సిన చోట 655 వస్తే పరవాలేదు. 64 వచ్చినా, 6,400 వచ్చినా అనుబంధంలో బ్రాకెట్టో, ఆపరేటరో, ఫిల్టరో తప్పిపోయింది. వరుసల పక్కన రాసుకున్న సంఖ్యలతో పై నుంచి పోల్చుకుంటూ వస్తే ఏ వరుసలో చెడిందో దొరుకుతుంది.